కిటికీ తెరిచిందెవరు?

ఫిద్దా రొట్టెలు వేడిచేసి తెచ్చేసరికి ధైఫల్లా అప్పటికే గోడకు ఆనుకుని పరుపు మీద కూర్చుని, ఫోన్లో పొద్దుటి పలకరింపులు ముగిస్తున్నాడు. తెల్లవారి నమాజు కాగానే వంశం మగవాళ్ళంతా ఫోన్లో ఒకచోట చేరి మాట్లాడుకోవడం ఎన్నికల మాట మొదలైనప్పటి నుంచీ అలవాటైంది. షార్జాలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, అకబా రేవులో పనిచేసేవాళ్ళు, ఈ కరక్ కొండ దిగి ఎరగని ముసలివాళ్ళు, అందరూ ఎవరిళ్ళల్లో వాళ్ళుండి ఒకరికొకరు సలాం చెప్పుకుంటారు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరింట బిడ్డ పుట్టిందో కనుక్కుంటారు. ఆ ముచ్చట రోజూ మొదలుపెట్టే పెద్దరికం ధైఫల్లాది. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. ఒక్కరోజు కూడా ఆలస్యం చేసి ఎరగడు.

"సరే, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి. ఉంటాను" అని ఫోను చార్జరుకు తగిలించి, పక్కన దిండు మీద బోర్లా పెట్టాడు. రొట్టె తుంచి ఆలివ్ నూనెలో ముంచాడు. నోట్లో పెట్టుకోకుండా గుమ్మం వైపు చూశాడు.

"ఆ తలుపు దగ్గరగా వెయ్యి, ఉమ్ము సుహైబ్" అన్నాడు, కొడుకు సుహైబ్ పేరుతో భార్యను పిలుస్తూ.

"ఎవరున్నారండీ వినడానికి? మేకలు తప్ప?"

"మేకలు ఫేస్‌బుక్‌లో రాయవు" అన్నాడు ధైఫల్లా.

ఫిద్దా నవ్వబోయి ఆగిపోయింది. ఆయన మొహంలో నవ్వు లేదు.

సంగతేమిటంటే, ఎన్నికలు దగ్గర పడగానే ఊళ్ళో వాళ్ళ ఫోన్లలో "కిటికీ" అని ఒక పేజీ పుట్టుకొచ్చింది. ఎవరు రాస్తారో ఎవరికీ తెలీదు. మేం చదవం అని చెప్పేవాళ్ళందరికీ అందులో ఏముందో మాత్రం తెలుసు. వంశం తరపున పార్లమెంటుకు ఒక్కరే నిలబడాలి. ఆ ఒక్కరు ఎవరో శుక్రవారం వంశం సావడి దివానంలో పెద్దలంతా కూర్చుని తేలుస్తారు. ధైఫల్లా తన పినతండ్రి కొడుకు నాయిఫ్‌కు నలుగురి ముందు మాటిచ్చాడు. ఇచ్చాక ఒకరోజు పొద్దున ఇంట్లో టీ తాగుతూ, "వీడి ప్రసంగం వింటే మా మేకలకు పాలు ఎండిపోతాయి" అని నవ్వాడు. మర్నాడు కిటికీలో అదే మాట, అక్షరం పొల్లుపోకుండా: "ఒక పెద్దమనిషి ఇంట్లో అనుకున్నారట…"

మరో రోజు ఫిద్దా మాట. "నాయిఫ్ పెళ్ళానికి ఓట్లప్పుడే మన చావులు గుర్తొస్తాయి. మామూలప్పుడు పరామర్శకు గడప తొక్కదు" అంది ఆవిడ, గిన్నెలు సర్దుతూ. అదీ కిటికీకెక్కింది. ఆ రోజు నుంచి ఫిద్దా కూర బాగుందని అనడానికి కూడా భయపడుతోంది.

"లెక్క చూడు" అన్నాడు ధైఫల్లా గొంతు తగ్గించి. "ఆ మాటలు అన్నప్పుడు ఈ గదిలో మనం ముగ్గురమే. నేను కాదు. నువ్వు కాదు, నీకు రాయడం రాదు."

"రాయడం రాకపోతే ఏం? మాట్లాడి పంపుతాగా. నన్నూ అనుమానించండి, పుణ్యముంటుంది."

"వేళాకోళం కాదే! ఇంక మిగిలిందెవరు?"

మిగిలింది కోడలు రవాన్.

ఆ పిల్ల లోపలి గదిలో తలుపేసుకుని ఉంది. కెమిస్ట్రీ పాఠాలు చెబుతోంది. పన్నెండో తరగతి పరీక్షకు కూర్చునే ఆడపిల్లలు ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఫోన్లోనే ఆమె దగ్గర చదువుకుంటారు. ఫోను స్టాండుకు తగిలించి, గోడకు తెల్లబోర్డు పెట్టి, గంటల తరబడి మాట్లాడుతుంది. పెళ్ళయిన కొత్తలో ధైఫల్లాకు అది గర్వంగా ఉండేది. మా కోడలికి ఇంతమంది శిష్యురాళ్ళు అని దివానంలో చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ మూసిన తలుపు చూస్తుంటే పళ్ళెంలో వెంట్రుక కనిపించినట్టుంది. పైగా ఆమె పుట్టింటివాళ్ళది వేరే వంశం. వాళ్ళకూ ఒక అభ్యర్థి ఉన్నాడు.

"నాలుగేళ్ళుగా మన ఉప్పు తింటున్న పిల్లండీ" అంది ఫిద్దా.

"ఉప్పు తిన్నవాళ్ళకే కదా రుచి తెలిసేది" అన్నాడాయన.

మర్నాడు పొద్దున పలకరింపులయ్యాక, ఫిద్దా పెరట్లో మేకల దగ్గరుండగా, ధైఫల్లా కోడలిని పిలిచాడు. రవాన్ సేజ్ ఆకు వేసిన టీ తెచ్చి పక్కన పెట్టింది.

"కూర్చో అమ్మాయీ. ఒక మాట. ఇది నీకూ నాకూ మధ్యే ఉండాలి. మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు."

"చెప్పండి మామయ్యా."

"నాయిఫ్ తప్పుకుంటున్నాడు. ఆరోగ్యం బాగాలేదట. అతని బదులు నన్ను నిలబడమంటున్నారు."

అదంతా అబద్ధం. ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. రవాన్ మొహం విప్పారింది.

"నిజమా మామయ్యా! మీరు నిలబడితే నీళ్ళ సంగతైనా గట్టిగా అడుగుతారు. వారానికొకసారి నీళ్ళు, అదీ సగం ట్యాంకు. ఎవరికీ చెప్పను, ఒట్టు. సుహైబ్‌కి చెప్పొచ్చా?"

"వాడికీ వద్దు."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ సంతోషం చూస్తే ధైఫల్లాకు ఒక్క క్షణం సిగ్గనిపించింది. కానీ మధ్యాహ్నం నమాజు చేసుకుని ఫోను చేతిలోకి తీసుకునేసరికి ఆ సిగ్గు ఆవిరైపోయింది. కిటికీలో పెద్ద అక్షరాల్లో ఉంది: "నాయిఫ్ తప్పుకుంటున్నాడా? బదులు నిలబడేది ఏ మాజీ సైనికుడు?"

సాయంత్రానికి నాయిఫ్ కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నాకు ఆరోగ్యం బాగాలేదా, అబూ సుహైబ్? నా ఆరోగ్యం సంగతి నాకంటే నీకే బాగా తెలిసినట్టుందే! నా పోస్టుకు నువ్వు లైకు పెట్టనప్పుడే మావాళ్ళు చెప్పారు, కనిపెట్టి ఉండమని."

"నా కళ్ళద్దాలు విరిగాయి, అందుకని పెట్టలేదు."

"కిటికీ చదవడానికి మాత్రం కళ్ళద్దాలు అక్కర్లేదేం? విను. ఆ పేజీ మీద రేపు సైబర్ కేసు పెడుతున్నాను. నడిపేవాళ్ళు ఎవరింట్లో తేలినా వదలను. మగవాళ్ళైనా, ఆడవాళ్ళైనా."

కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. "ఆడవాళ్ళైనా" అన్న మాట మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది.

గురువారం పొద్దున సుహైబ్ అకబా నుంచి వచ్చాడు. రేవులో రాత్రి డ్యూటీ చేసి, నిద్ర కళ్ళతో, చేతిలో చేపల సంచితో వచ్చిన కొడుకును తండ్రి కాళ్ళు కడుక్కోనివ్వలేదు.

"కూర్చో. నీ పెళ్ళాన్ని పిలువు. ఫోను తెమ్మను."

పొద్దుటి పలకరింపులు అప్పుడే అయ్యాయి. ధైఫల్లా ఫోను ఎప్పటిలా దిండు మీద బోర్లా ఉంది. ఫిద్దా రొట్టెల పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రవాన్ వచ్చింది.

"రవాన్, నేను సూటిగా అడుగుతున్నాను. కిటికీకి ఈ ఇంటి మాటలు మోస్తున్నది నువ్వేనా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొగుడి వైపు చూసింది. సుహైబ్ చేపల సంచి వైపు చూస్తున్నాడు.

"నేనా మామయ్యా?"

"నాయిఫ్ తప్పుకుంటున్నాడన్న మాట ఈ లోకంలో నీకొక్కదానికే చెప్పాను. అది నేను అల్లిన అబద్ధం. మధ్యాహ్నానికి అందులో ఉంది."

"అబద్ధమా?" ఆమె గొంతు చిన్నదైపోయింది. "అంటే… నన్ను పరీక్షించారా?"

"ఫోను ఇలా ఇవ్వు."

"నాన్నా, అది…" అన్నాడు సుహైబ్.

"నువ్వు నోరు మూసుకో. దీని పుట్టింటివాళ్ళ అభ్యర్థి కోసం మన పరువు వీధిన పెడుతోంది. రేపు పోలీసులు వచ్చి నీ పెళ్ళాన్ని జీపెక్కిస్తే అప్పుడు మాట్లాడుదువుగాని."

రవాన్ ఫోను తెరిచి మామగారి చేతిలో పెట్టింది. "చూడండి. అంతా చూడండి."

ఆయన చూశాడు. పిల్లలు పంపిన లెక్కలు, వాళ్ళ అనుమానాలు, "టీచర్, మా అమ్మ నాకు పెళ్ళి చేసేస్తానంటోంది, మీరొకసారి మాట్లాడరా" అని ఏడుస్తూ ఒకమ్మాయి పెట్టిన మాట. ఇంకేం లేదు.

"చెరిపేశావు" అన్నాడు.

"ఉంటే దొంగను, లేకపోతే చెరిపేసిన దొంగను. అంతేనా మామయ్యా? ఇంక నేను నిరూపించుకోవడానికి మీరు దారెక్కడ ఉంచారు?"

"నాకు నిరూపణ అక్కర్లేదు. నువ్వు మాట్లాడేది మూసిన తలుపు వెనక. మంచి మాటకు తలుపెందుకు?"

"పిల్లల గొంతులు మీ చెవిన పడకూడదని వేసుకుంటాను! వాళ్ళ తండ్రులు నన్ను నమ్మి పంపుతున్నారు!" మొదటిసారి ఆమె గొంతు ఇల్లంతా వినిపించేలా పైకి లేచింది. తర్వాత ఏడుపు వచ్చింది. మొగుడి వైపు తిరిగి, "నువ్వు? నువ్వేమంటావు?" అని అడిగింది.

సుహైబ్ నోరు తెరిచాడు. తండ్రి వైపు చూశాడు. "ముందు నాన్నను కాస్త శాంతపడనీ…" అన్నాడు.

ఆ మాటకు రవాన్ ఏడుపు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి తండ్రికి ఫోను చేసింది. ఖలఫ్ బడిపంతులు. రబ్బాలో ఉంటాడు. గంటలో వచ్చాడు. కూతురి సంచీ తీసుకుని, "పదమ్మా" అన్నాడు. తెల్లబోర్డు మాత్రం గోడకే ఉండిపోయింది. దాని మీద సగం రాసిన సమీకరణం ఉంది.

శుక్రవారం దివానంలో పెద్దలు మాట తేల్చలేకపోయారు. నాయిఫ్ అలిగి రాలేదు. వచ్చే శుక్రవారానికి వాయిదా వేశారు. అక్కడ ధైఫల్లా ఒకటి గమనించాడు. తను లోపలికి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. కుర్రవాళ్ళు చూపులు తప్పించారు. తనకంటే పెద్దవాడొకడు భుజం తట్టి, "ఓర్చుకో అబూ సుహైబ్, ప్రతి ఇంట్లోనూ ఉండేవే" అన్నాడు. ఏవి ఉండేవి? కోడలు వెళ్ళిన సంగతి తను ఎవరికీ చెప్పలేదే! దారి పొడుగునా ఒక్కొక్క మొహమే గుర్తు చేసుకున్నాడు. అన్ని మొహాల్లోనూ ఏదో తెలిసిన జాడ ఉంది. కోడలు పుట్టింట్లో కూర్చుని ఇంకా రాస్తోందన్నమాట అనుకున్నాడు.

ఆదివారం తఫీలా నుంచి అక్క నౌఫా దిగింది. డెబ్భై దాటిన మనిషి. మేనల్లుళ్ళ పెళ్ళిళ్ళకే రానిది, చెప్పా పెట్టకుండా పికప్ బండిలో వచ్చి, గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఒరేయ్ ధైఫల్లా! మంచి మాటకు తలుపెందుకురా?"

ధైఫల్లా నిర్ఘాంతపోయాడు. "ఏమన్నావక్కా?"

"ఉంటే దొంగ, లేకపోతే చెరిపేసిన దొంగ! ఎంత చక్కగా అడిగిందిరా ఆ పిల్ల! నీ దగ్గర జవాబుందా?"

ఆయన మెల్లగా లేచి నిలబడ్డాడు. కళ్ళు చిన్నవయ్యాయి. "రవాన్ నీకు ఫోను చేసిందా? నీ దాకా వచ్చిందా యవ్వారం? చూశావా ఉమ్ము సుహైబ్, నేను చెప్పలా?"

"ఆ పిల్ల దగ్గర నా నెంబరే లేదు."

"మరెవరు చెప్పారు?"

"నువ్వే."

"నేనా?"

"నువ్వేరా, మొద్దు! పొద్దునపూట మా అబ్బాయి మిష్అల్ మీ మగాళ్ళ ముచ్చట పెట్టుకుని, ఫోను వంటింటి గట్టు మీద వదిలేసి గొర్రెల దగ్గరికి పోతాడు. అందరూ సలాములు చెప్పుకుని ముగిస్తారు. ఆ తర్వాత నీ ఇల్లు మొదలవుతుంది. ఫిద్దా రొట్టెలు, నీ దగ్గు, నీ మేకల పాలు, అన్నీ మా వంటింట్లోకే. నువ్వు ఫోను కట్టెయ్యవు, బోర్లా పెడతావు. బోర్లా పెడితే చెవులు మూసుకుంటుందా అది?"

ఫిద్దా చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. ధైఫల్లా దిండు వైపు చూశాడు. ఫోను అక్కడే ఉంది. తిప్పి చూశాడు. పొద్దుటి ముచ్చట ఇంకా నడుస్తూనే ఉంది. కొన్ని పేర్లు వెలుగుతున్నాయి. ఆయన చూస్తుండగానే ఆ పేర్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి, గోడ దూకి పారిపోతున్న పిల్లల్లాగా.

"ఇన్నాళ్ళూ విన్నారు" అన్నాడు నెమ్మదిగా. "ఒక్కడైనా నాకు చెప్పలేదేం?"

"ఎట్లా చెప్తార్రా? నీ ఇంటి ఆడవాళ్ళ గొంతు విన్నాం అని ఏ మగాడు నీ ముందు నిలబడి ఒప్పుకుంటాడు? అది చెప్పడమే తప్పు కదా మనలో. మిష్అల్‌ని నేను తిట్టాను. అమ్మా, విన్నామని తెలిస్తే మామ మొహం ఎట్లా చూస్తాను అన్నాడు. అందరిదీ అదే మర్యాద. ఆ మర్యాదలోంచే ఎవడో ఒకడు కిటికీకి మోస్తున్నాడు. నాయిఫ్‌కి సలాం కొట్టి పోయే తొందర, వాడొక్కడే ఏమీ వినలేదు. నాకేం సిగ్గురా, నేను ఆడదాన్ని, నీ అక్కను. ఆ పిల్ల ఏడుపు విని రెండు రోజులు అన్నం సయించలేదు, వచ్చాను."

ధైఫల్లాకు అప్పుడు లెక్క తేలింది. గుమ్మం తలుపు దగ్గరగా వేయించినవాడు, కోడలి తలుపును తప్పుపట్టినవాడు తనే. ఆ పిల్ల ఏడుపును షార్జా దాకా, అకబా దాకా వినిపించింది తన చేత్తోనే. మగవాళ్ళంతా విన్నారు. అందుకే దివానంలో ఆ చూపులు.

"పది మంది పెద్దల్ని పిలుచుకుని రబ్బా వెళ్ళు" అంది నౌఫా. "మందితో వెళ్తేనే వాళ్ళకు గౌరవం."

"తప్పు చేసింది నేనొక్కణ్ణే అక్కా. పదిమందిని అడ్డం పెట్టుకుని వెళ్ళను."

సుహైబ్ బండి నడిపాడు. రబ్బా చేరాక సుహైబ్, "నాన్నా, నాక్కూడా అడగాల్సింది ఉంది. నేను చేపల సంచి చూస్తూ కూర్చున్నాను" అన్నాడు.

ఖలఫ్ గుమ్మంలో ఎదురై లోపల కూర్చోబెట్టాడు. చేదు కాఫీ చిన్న కప్పులో పోసి అందించాడు. ధైఫల్లా అందుకుని, తాగకుండా ముందు నేల మీద పెట్టాడు. కోరి వచ్చినవాళ్ళు అలాగే పెడతారు. కోరింది దక్కితే తాగుతారు, లేకపోతే వదిలేసి వెళ్ళిపోతారు.

"తప్పంతా నాది అబూ యజన్" అని ఖలఫ్‌తో జరిగింది జరిగినట్టు చెప్పాడు ధైఫల్లా. "నా కూతుర్ని నాకివ్వమని అడగడానికొచ్చాను."

ఇలాంటప్పుడు ఇంటి పెద్ద "మీ కాఫీ తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అనడం రివాజు. ఖలఫ్ ఆ మాట అనలేదు.

"నా వైపునుంచి అడ్డులేదు. కానీ మాట పడింది నేను కాదు. రవాన్!"

ఆమె వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. అదంతా లోపలినుంచే వింది కాబోలు, మళ్ళీ చెప్పించుకోలేదు.

"మామయ్యా, మీరు నాలుగు గోడల మధ్య అన్నారనుకుని ఏడ్చాను. ఇప్పుడు తెలుస్తోంది. నా దగ్గర చదివే పిల్లల్లో మీ వంశం అమ్మాయిలు మానేశారు. నాన్న వద్దన్నారు టీచర్ అంటారు, కారణం చెప్పరు. వాళ్ళ నాన్నలు విన్నారన్నమాట. పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఆ పిల్లలు ఏమైపోవాలి? నేను మీ ఇంటికొస్తే సరిపోతుందా?"

"ఏం చెయ్యమంటావు తల్లీ?"

"ఎవరెవరు విన్నారో వాళ్ళకే చెప్పండి."

ధైఫల్లా జేబులోంచి ఫోను తీశాడు. ఎప్పుడూ లేనిది మధ్యాహ్నం పూట ముచ్చట తెరిచాడు. పేర్లు ఒక్కొక్కటే వెలిగాయి. "ఎవరు పోయారు?" అని షార్జా నుంచి ఒక గొంతు కంగారుగా అడిగింది. "ఎవరింట్లో చావు?" అని ఇంకొకరు.

"ఎవరూ పోలేదు. నేనే, ధైఫల్లాను. వినండి. వినడం మీకు బాగా అలవాటేగా" అన్నాడు. "నా ఇంటి మాటలు బయటపెట్టింది నేనే. నా కోడలు రవాన్ కాదు. నేను ఫోను కట్టెయ్యడం చేతకాక, ఆ పిల్లను దొంగ అన్నాను. అది మీరంతా విన్నారు. ఇది కూడా వినండి: ఆమె నిర్దోషి. తలుపు వేసుకున్నది మీ కూతుళ్ళ గొంతులు దాచడానికి. నేను ఆమె ఏడుపును మీ అందరికీ పంచాను. రేపటినుంచి మీ పిల్లల్ని పాఠాలకు పంపండి. నా మీద కోపం వాళ్ళ చదువు మీద చూపకండి."

ముందుగా నాయిఫ్ గొంతు వినిపించింది.

"అయితే మేకల మాట నిజంగానే అన్నావా?"

"అన్నాను."

"మరి నాకిచ్చిన మాట?"

"ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. మేకల మాటా వెనక్కి తీసుకోను. ప్రసంగం కాస్త తగ్గించుకో."

ఎవరో ఫక్కున నవ్వారు. నాయిఫ్ నవ్వలేదు గానీ, కేసు మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు మిష్అల్ నెమ్మదిగా, "మామా, నేను విన్నాను. చెప్పలేకపోయాను. రవాన్‌ను క్షమించమనండి" అన్నాడు. ఆ వెనక ఇంకొకరు, "నేనూ" అన్నారు. ఇంకొకరు, "మా అమ్మాయి రేపు వస్తుంది" అన్నారు. ధైఫల్లా ఒక్కొక్క గొంతూ జాగ్రత్తగా వింటున్నాడు. వీటిలో ఒకటి కిటికీది. ఏది? వణికే గొంతా, మరీ తీయని గొంతా? వినీ వినీ, ఆ వినడమే తనను ఇంతదాకా తెచ్చిందని గుర్తొచ్చి, ఫోను రవాన్ వైపు చాచాడు.

"దీన్ని ఎలా కట్టెయ్యాలో చూపించమ్మా."

ఆమె దగ్గరకొచ్చి, ఆయన వేలు పట్టుకుని ఎర్రటి గుర్తు మీద నొక్కించింది. గొంతులన్నీ ఆగిపోయాయి. సుహైబ్ ఏదో అనబోయాడు.

"నీతో తర్వాత మాట్లాడతాను" అంది రవాన్. "నీది ఇంత సులువు కాదు. ఇవాళ రాను, మామయ్యా. రేపు నా పిల్లలు పాఠానికి వస్తారో లేదో చూసుకుని, అప్పుడు వస్తాను."

"రా తల్లీ. నీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రా."

ఖలఫ్ నేల మీది కప్పు తీయబోయాడు. "చల్లారిపోయింది. మార్చి పోస్తాను."

"వద్దు" అన్నాడు ధైఫల్లా. "చల్లార్చుకున్నది నేనేగా."

కానీ తాగలేదు. కప్పు చేత్తో పట్టుకుని, ఖలఫ్ వైపు కాదు, కోడలి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన గడ్డం మీదినుంచి ఒక చుక్క జారి కప్పులో పడింది.

"తాగండి మామయ్యా" అంది రవాన్.